ఏరని కప్పలు

తెనాలి వెళ్ళొచ్చానంటే మా ఊళ్ళో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, "నాటకం చూశావా?" అని. లేదంటాను. "మరి దేనికెళ్ళావు?" అంటారు. కప్పలకోసం అంటాను. ఆ తరవాత మాట సాగదు. అడిగినవాళ్ళు నా మొహంలోకి ఒకసారి చూసి, ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి వెళ్ళిపోతారు. అందుకే ఇదంతా రాసి పెడుతున్నాను. ఇకమీదట అడిగినవాళ్ళ చేతిలో ఈ కాగితాలు పెట్టి నా పని నేను చూసుకోవచ్చు.

అరవయ్యో దశకం చివర్లో మాట ఇది. అనంతపురం వైపు ఒక కాలేజీలో నేను జంతుశాస్త్రం డిమాన్‌స్ట్రేటరుని. టెంపరరీ. ఏటా దసరా వెళ్ళాక మా హెడ్డుగారు ఒక కాగితం మీద సంతకం పెడితే ఇంకో ఏడాది ఉంటాను, పెట్టకపోతే ఉండను. నేను టెంపరరీ అయినా ఇంటి అద్దె మాత్రం పర్మనెంటు. ఆ ఏడు వానాకాలంలో హెడ్డుగారు నన్ను గదిలోకి పిలిచి, "ఈసారి పర్మనెంటు కాగితమే పంపుతానయ్యా. కాని ఒక పని చేసుకురావాలి" అన్నారు.

పని ఏమిటంటే కప్పలు లెక్కపెట్టడం. వరి మడుల్లో ఉండే చిన్న పొలం కప్పలు చూసే ఉంటారు. కొన్నిటికి ముక్కు దగ్గర్నుంచి వెనకదాకా నడివీపున తెల్లటి గీత ఉంటుంది, కొన్నిటికి ఉండదు. ఒకే తల్లి గుడ్లలో రెండు రకాలూ పుట్టొచ్చు. హెడ్డుగారి ఊహ ఇదీ: గడ్డిపోచల మధ్య కూర్చుంటే గీత కప్ప గడ్డిలో కలిసిపోతుంది, కొంగకు కనపడదు. ఉత్త బురదలో కూర్చుంటే ఆ గీతే దాన్ని పట్టిస్తుంది. కాబట్టి గట్ల నిండా గడ్డి ఉండే తెనాలిలో గీత కప్పలు ఎక్కువ మిగలాలి, ఉప్పు బురద ఉండే రేపల్లె అవతల తక్కువ మిగలాలి, బాపట్లలో మధ్యరకంగా ఉండాలి. "కొంగ ఏరుకు తింటుంది. మిగిలినవి పిల్లల్ని పెడతాయి. తరాలు గడిస్తే ఊరికో రకం కప్ప. ప్రకృతి వరణం అంటే ఇంతేనయ్యా. నువ్వు చేయాల్సిందల్లా ఏరకుండా పట్టడం. కంటికి నచ్చింది కాదు, చేతికి దొరికింది పట్టాలి. ఏరే హక్కు కొంగకే ఉంది, నీకు లేదు" అన్నారు.

ఇంతేనా అనుకున్నాను. ఆ అనుకోవడమే నా మొదటి తప్పు.

తెనాలిలో వంకాయలు

మాతో పనిచేసే లెక్చరరు ఒకాయన మేనమామ, వెంకట్రామయ్యగారని, తెనాలికి రెండు మైళ్ళ దూరంలో కాలవ పక్క పల్లెలో పెద్ద రైతు. నన్ను తీసుకెళ్ళడానికి స్టేషనుకి వచ్చారు. ఇంటికి వెళ్ళే దారిలో కూరగాయల బజారు దగ్గర ఆగాం.

మా సంతలో వంకాయ మీద చెయ్యి పెడితే అమ్మే ఆమె, "ఏరేదుంటే ఇంటికి పో, ఇచ్చినవి తీస్కో" అంటుంది. ఇక్కడ అమ్మే ఆవిడ తట్ట నా వైపు తోసి, "ఏరుకోండి బాబూ, ఏరుకోండి. పుచ్చులు పట్టుకెళ్తే ఇంట్లో అమ్మగారు నన్నే తిడతారు" అంది. నేను మొహమాటపడుతూ చేతికి దొరికినవి తీస్తుంటే ఆవిడకు విసుగొచ్చింది. నా చేతిలోవి లాక్కుని, తనే ఒక్కొక్క కాయా తిప్పి చూసి, తొడిమ గిల్లి చూసి, కిలో ఏరి సంచిలో పోసింది. అర్ధరూపాయి తీసుకుంది. ఎంత మంచి ఊరు అనుకున్నాను. అప్పుడే భయపడాల్సింది.

వెంకట్రామయ్యగారి భార్య అన్నపూర్ణమ్మగారు. ఆవిడ పెట్టిన భోజనం గురించి కొంచెం చెప్పాలి. మా వైపు చాలు అంటే చాలే. సంగటి ముద్ద రెండోది వద్దన్నామంటే వద్దన్నట్టు. ఇక్కడ "చాలు" అనే మాటకు అర్థం లేదు. విస్తరి మీద రెండు చేతులూ అడ్డుపెట్టాలి. నేను పెట్టాను. నెయ్యి వేళ్ళ సందుల్లోంచి కారి గోంగూర మీద పడింది. వేళ్ళు కాలి చేతులు తీశాను. తీయడమే తడవుగా ముద్దపప్పు పడింది.

"ఏంటి బాబూ, పక్షిలాగా తింటున్నారు? మీ ఊళ్ళో ఇంతే తింటారా?" అన్నారావిడ.

"కరువు సీమ కదండీ పిన్నిగారూ, అలవాటు."

"అయ్యో పాపం" అని ఇంకో గరిటె వేశారు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో కరువు మాట ఎత్తలేదు.

భోజనం అయ్యాక గీత కప్పల సంగతి వివరించాను. లక్షణం తల్లిదండ్రుల నుంచి వస్తుందనీ, గీత తల్లి వైపునుంచి వచ్చినా తండ్రి వైపునుంచి వచ్చినా చాలు, వీపున కనపడుతుందనీ, అన్ని లక్షణాలూ అలా కాదు, కొన్ని ఒక తరంలో దాక్కుని ఇంకో తరంలో పైకొస్తాయనీ చెప్పాను. అన్నపూర్ణమ్మగారు శ్రద్ధగా విన్నారు.

"అయితే మా మామగారి ముక్కు కూడా అంతేనన్నమాట. మా ఆయనకి రాలేదు, మా అబ్బాయికి వచ్చింది చూడండి" అని గోడ మీద పెద్దాయన ఫొటో చూపించారు. ముక్కు నిజంగానే దాక్కోదగిన పరిమాణంలో లేదు. వెంకట్రామయ్యగారు తన ముక్కు తడుముకుని, ఏం తక్కువైంది దీనికి అన్నారు.

ఆ రాత్రి కూడా అదే తరహా భోజనం. ఫలితంగా నేను తెల్లవారి లేవలేదు. పొద్దెక్కి లేచేసరికి పాలేళ్ళు కప్పలు పట్టుకొచ్చారు. తడి గోనె కప్పిన గంప వాకిట్లో ఉంది. కూర్చుని లెక్కపెట్టాను. నూటికి తొంభై ఆరు గీతవే! హెడ్డుగారి ఊహ కళ్ళముందు గెంతుతోంది. ఆ సంతోషంలో ఒక కార్డు రాశాను. "గురువుగారికి నమస్కారాలు. తెనాలిలో గీత కప్పలు నూటికి తొంభై ఆరు. మీ ఊహ అక్షరాలా నిజం." రాసి, నేనే నడిచి వెళ్ళి పోస్టు డబ్బాలో వేసి, ఇరవై పైసలు పెట్టి కాఫీ తాగాను. అంత మంచి కాఫీ మా వైపు దొరకదు. హెడ్డుగారికి చూపించడానికి పన్నెండు గీత కప్పల్ని బిస్కెట్ల డబ్బాలో వేసుకుని మిగిలినవి వదిలేశాను.

బాపట్ల నుంచి పిట్టలవానిపాలెం మడుల్లోకి

బాపట్లలో లాడ్జిలో దిగి, మర్నాడు పొద్దున్నే బస్సెక్కి పిట్టలవానిపాలెం వైపు వెళ్ళాను. నాట్లు మంచి జోరుమీదున్నాయి. ఈసారి నేనే స్వయంగా పట్టాలని ప్యాంటు మడిచి మడిలోకి దిగాను. నాలుగడుగులు వేశాను. అయిదో అడుగు నేను వేయలేదు, మడే వేసింది. లేచేసరికి కళ్ళజోడు బురదలో ఉంది, నేను వెతుకుతున్నాను, పదిహేను మంది ఆడవాళ్ళు నాట్లు ఆపేసి నడుం పట్టుకుని నవ్వుతున్నారు.

ఆ ముఠాకి పెద్ద కోటమ్మ. యాభై ఏళ్ళ మనిషి, గొంతు మూడు మడుల అవతలికి వినపడుతుంది. నా కళ్ళజోడు తీసి, నీళ్ళలో కడిగి, నా ముక్కు మీద తనే పెట్టి, "బాబూ, మీరు గట్టుమీద కూర్చోండి. ఏం కావాలో చెప్పండి, మేం పడతాం. మీరు దిగితే మా నారు పాడవుద్ది" అంది.

అన్నం వేళకి గట్టు మీద నా బట్టలు ఆరేసుకుని, ఎవరిదో తువ్వాలు కట్టుకుని కూర్చున్నాను. చద్దన్నం, ఉల్లిపాయ, కాల్చిన ఎండుచేప నాకూ పెట్టారు. ఎండుచేప అప్పటిదాకా తిని ఎరగను. వాసనకి మొదట వెనక్కి జరిగాను, తరవాత ఇంకోటి అడిగాను. తింటూ కొంగ కథ చెప్పాను. పచ్చటి చోట గీత ఉన్నది కొంగకు చిక్కదు, లేనిది చిక్కుతుంది, చిక్కనిది పిల్లల్ని పెడుతుంది. అందరూ చేతిలో ముద్ద ఆపి విన్నారు. మా కాలేజీలో ఏ క్లాసూ అంత బాగా వినలేదు. ఇక్కడ కూడా ఏరకుండా పట్టాలన్న ముక్క ఒక్కటి చెప్పడం మరిచాను. ఎండుచేప ధ్యాసలో పడ్డాను.

సాయంత్రం కోటమ్మ మూతికి గుడ్డ కట్టిన కుండ తెచ్చి నా ముందు పెట్టింది. ఒక్కొక్కటే తీసి లెక్కపెట్టాను. నలభై. యాభై. అరవై. ఒక్కదానికీ గీత లేదు.

పచ్చటి వరి మడి మధ్య గీత కప్ప ఒక్కటీ లేకపోవడమేమిటి? అలా చూస్తుండగానే గట్టు మీదుగా రెండు గీత కప్పలు నా కాలు దాటుకుని మడిలోకి గెంతాయి.

"కోటమ్మగారూ, గీత ఉన్నవి మీకు దొరకలేదా?"

"దొరక్కేం బాబూ, బోలెడు. వదిలేశాం."

"ఎందుకండీ?"

"మీరేగా చెప్పారు, గీత ఉన్నది బతికి బట్టకడుతుందని? బతికేదాన్ని పట్టి మీ కాలేజీ మందు సీసాలో ఎట్టా ఏసేది? ఎలాగూ కొంగ పాలయ్యేవే ఏరి ఇచ్చాం. మాకు పాపం తగలదు, మీకు పని అవుద్ది."

ప్రకృతి వరణం గురించి అంత చక్కగా అర్థం చేసుకున్నవాళ్ళని నేను పరీక్ష పేపర్లలో కూడా చూడలేదు.

కుండ వంచేసి కప్పల్ని వదిలేశాను. బస్సులో కూర్చున్నాక అసలు భయం మొదలైంది. కోటమ్మ ఏరింది సరే, మరి తెనాలిలో? ఆ తొంభై ఆరు? ఆ వంకాయల ఆవిడ, విస్తరి మీద నా చేతులు, "మంచివే తెచ్చాం బాబూ" అంటూ గంప మీది గోనె తీసిన పాలేరు, అన్నీ వరసగా గుర్తుకొచ్చాయి. కార్డు ఈపాటికి హెడ్డుగారి చేతిలో పడే ఉంటుంది.

మర్నాడు సూర్యలంక వెళ్ళి జీవితంలో మొదటిసారి సముద్రం చూశాను. పెద్దదే. కాని ఆ రోజు నాకు ఆ కార్డే ఇంకా పెద్దదిగా కనిపించింది. కాసేపు నిలబడి, వేరుశనగలు కొనుక్కుని తిరిగొచ్చాను.

రేపల్లె బండిలో

తెనాలికి తిరిగొచ్చి, వెంకట్రామయ్యగారి ఇంటికి వెళ్ళే ధైర్యం చాలక, రేపల్లె బండెక్కాను. బిస్కెట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాను. కప్పలకు గాలి ఆడదేమోనని మూత కొంచెం వదులు చేశాను. అంత జాలి పనికిరాదు. రెండో స్టేషను దాటకముందే రైలుపెట్టె అంతా కేకలు. ఎవరి చీర కుచ్చిళ్ళలోనో ఒకటి, పెద్దాయన చెప్పులో ఒకటి, పూల బుట్టలో రెండు.

ఆ సమయానికే టిక్కెట్ల ఆయన వచ్చాడు.

"ఎవరివండీ ఇవి?"

"నావేనండి."

"లగేజీ టిక్కెట్టు?"

"కప్పలకు కూడా ఉంటుందాండీ?"

ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి చాలాసేపు తిరగేశాడు. "కుక్కకుంది. మేకకుంది. కోడికుంది. కప్పకు రాయలేదు" అని నిరాశగా పుస్తకం మూసి, ఇంకోసారి ఇలా చేయకండి అని చెప్పి వెళ్ళిపోయాడు. పాపం ఆయనకు నా మీద కోపం లేదు, పుస్తకం మీదే.

పెట్టెలో వాళ్ళందరూ తలో చెయ్యి వేసి కప్పల్ని పట్టిచ్చారు. లెక్కపెడితే పద్నాలుగు! బయల్దేరినవి పన్నెండు. రెండు ఎక్కువేమిటని అడిగితే, చెప్పులో కప్ప దూరిన పెద్దాయన సిగ్గుపడుతూ, "మీకు తక్కువ పడతాయేమోనని ఇందాక స్టేషన్లో బండి ఆగినప్పుడు కిందికి దిగి రెండు పట్టాను బాబూ" అన్నాడు. ఆ రెండిటికీ గీత ఉంది. చూసి, గీత ఉన్నవే ఏరి పట్టాడట.

నేను తల పట్టుకున్నాను. "ఎందుకండీ అందరూ ఏరతారు? ఏరని మనిషే లేడా ఈ దేశంలో?" అని పైకే అనేశాను.

ఎదురు బల్ల మీద ఖాళీ చేపల తట్ట పక్కన పెట్టుకుని కూర్చున్న ఆవిడ అప్పటిదాకా నవ్వుతూ చూస్తోంది. పేరు నాంచారమ్మ. తెనాలిలో చేపలమ్ముకుని ఊరికి వెళ్తోంది.

"ఏంటి బాబూ, కప్పలతో ఏం పని మీకు?"

చెప్పాను. ఈసారి మొదటి మాటే ఏరకూడదని చెప్పాను.

"ఓస్, ఇంతేనా. మా ఆయనోళ్ళు కొర్రమీను గాలాలకి ఈ కప్పల్నే ఎర పెడతారు. రేపు తెల్లారి పడతారు. మీరూ రండి. కాని బాబూ, మా కాడ ఏరుడు లేదు. వాటా అంటే వాటాయే."

ఆ మాట వినగానే ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది. మధ్యలో కప్పల డబ్బా ఉండబట్టి పెట్టలేదు.

ఎవరి కుండ

రేపల్లె అవతల, కాలవలు సముద్రం వైపు పోయే చోట ఉంది వాళ్ళ పల్లె. రాత్రి వాన పడింది. తెల్లవారుజామునే నాంచారమ్మ భర్త పోతురాజు, ఇంకో నలుగురు కప్పలు పట్టడానికి బయల్దేరారు. నేనూ వెళ్ళాను. వాళ్ళు గోనె సంచుల నిండా పట్టారు. నేను మూడు పట్టి రెండుసార్లు పడ్డాను. పడడంలో అప్పటికి కొంత అనుభవం వచ్చింది.

తరవాత పంపకం. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత తేలిగ్గా చెప్పలేదు. చేపలయితే ఒడ్డున పోగులు పెడతారు. కప్పలు పోగులో కూర్చోవు కాబట్టి కుండలు. నాంచారమ్మ సంచిలో చెయ్యి పెట్టి, చూడకుండా, గుప్పెడు గుప్పెడు తీసి ఆరు కుండల్లో వేసి తడిగుడ్డలు కట్టింది. పోతురాజు కాలవ వైపు తిరిగి, మాకు వీపు చూపించి నిలబడ్డాడు. నాంచారమ్మ ఒక కుండ మీద చెయ్యి పెట్టింది.

"ఈ కుండ ఎవరిది?"

"కోటయ్యది" అన్నాడు పోతురాజు, నీళ్ళవైపు చూస్తూనే.

"ఇది?"

"నాగులుది."

"ఇదో?"

"మేష్టారిది."

నేను ఉలిక్కిపడ్డాను. "నాకెందుకండీ వాటా? నేను పట్టింది మూడేగా."

"వచ్చారుగా. పడ్డారుగా. చెయ్యి ఏసినోడికి వాటా ఉంటది" అంది నాంచారమ్మ. "మంచి కుండో చెడ్డ కుండో మాకు తెలవదు. ఎవరి కుండ ఆళ్ళది."

"ఆయనెందుకు వెనక్కి తిరగడం? ఆయన మంచివాడేగా, చూస్తూ పంచితే ఏం?"

"మంచోడే బాబూ. అందుకే తిరిగేది. చూశాడంటే ముసలోడికి కొంచెం ఎక్కువ, పిల్లలున్నోడికి ఇంకొంచెం ఎక్కువ ఇయ్యాలనిపిస్తది. చెడ్డోడు చూసినా తంటాయే, మంచోడు చూసినా తంటాయే."

నాకు తెనాలి, బాపట్ల రెండూ ఆ మాటలో అర్థమయ్యాయి. నన్ను ఎవరూ మోసం చేయలేదు. అందరూ మంచివాళ్ళు, అందరూ చూస్తూ ఇచ్చారు.

నా కుండ విప్పి లెక్కపెట్టాను. మూడింటికి ఒకటి గీతది. లెక్కయ్యాక కప్పల్ని నీళ్ళలో వదులుతుంటే కోటయ్య, నాగులు "అయ్యయ్యో, వాటా నీళ్ళపాలు చేస్తున్నాడు" అని అరిచారు. "ఆయన వాటా, ఆయన ఇష్టం" అని నాంచారమ్మ కసిరింది. మధ్యాహ్నం కొర్రమీను పులుసు పెట్టింది. ఏరి పెట్టలేదు. తల ముక్క వచ్చింది, తిన్నాను, చాలా బాగుంది.

మళ్ళీ తెనాలి, మళ్ళీ మడులు

సెలవు అయిపోయింది. అయినా తెనాలికి వెళ్ళాను. అంత ఆదరించిన ఆవిడతో మీరిచ్చిన కప్పలు పనికిరావు అని ఎలా చెప్పడం? మెట్ల మీద చెప్పులు విడిచేటప్పుడు కూడా ఆలోచిస్తూనే ఉన్నాను. చివరికి తల వంచుకుని అడిగాను. "పిన్నిగారూ, ఆ రోజు కప్పల్ని ఏరారా?"

"ఏరకుండా ఎలా ఇస్తానండీ? మా ఆడపడుచు కొడుకు స్నేహితులు, అంత దూరం నుంచి వచ్చారు. గీత ఉన్నవి ముచ్చటగా, నామం దిద్దుకున్నట్టున్నాయి. ఉత్త కప్పలన్నీ తీయించేశాను. పొరపాటున నాలుగు ఉండిపోయాయటగా?" అని నొచ్చుకున్నారు.

విషయం చెప్పాను. ఆవిడ మొహం చిన్నబోయింది. నా ఉద్యోగం సంగతి కూడా దాచకుండా చెప్పాక, లేచి, "అయితే మళ్ళీ పట్టిద్దాం. కాని ఏరొద్దంటే నా చేతులు ఊరుకోవండి" అన్నారు. కప్పల్ని కుండల్లో వేస్తున్నంతసేపూ వసారాలో చాట పెట్టుకుని, పక్కింటివాళ్ళ పప్పు కూడా తెప్పించి, కందిపప్పులో రాళ్ళు ఏరుతూ కూర్చున్నారు. వెంకట్రామయ్యగారు వెనక్కి తిరిగి నిలబడ్డారు. నిలబడ్డారన్నమాటే గాని ఓరగా చూస్తూనే ఉన్నారు. ఆవిడ పప్పులోంచి తలెత్తకుండానే, "ఏవండీ, అటు తిరగండి" అని మూడుసార్లు అరిచారు.

మూడింటికి ఒకటి. అక్కడా అంతే.

పిట్టలవానిపాలెంలో కోటమ్మని ఒప్పించడం ఇంకా కష్టమైంది. లెక్కపెట్టి, ఒక్కటీ సీసాలో వేయకుండా, నాట్లు వేసిన మడిలోనే వదులుతానని ఒట్టు వేయించుకుంది. అక్కడా మూడింటికి ఒకటే, ఒకటో రెండో తేడా. గడ్డి ఉన్నా, బురద ఉన్నా, కొంగలు పట్టించుకున్నట్టు లేవు. లేదా మూడు కుండలతో తేలే సంగతి కాదేమో. ఏమైనా హెడ్డుగారి ఊహ నిలబడలేదు.

తిరుగు ప్రయాణంలో నా పుస్తకంలో రెండు పట్టికలున్నాయి. ఒకటి హెడ్డుగారికి కావలసింది, తెనాలిలో తొంభై ఆరు. రెండోది కుండలది. గుంతకల్లులో బండి చాలాసేపు ఆగింది. రెండో పట్టిక ఉన్న కాగితం చింపేస్తే ఎవరికీ తెలియదు. కాగితం మడత మీద వేలు పెట్టాను కూడా. భయం వేసింది, ఉద్యోగం పోతుందని కాదు అనను, అదే భయం. కాని అందరినీ ఏరొద్దని తిరిగి తిరిగి వేధించినవాణ్ణి, చివర్లో నేనే ఏరితే? అన్నపూర్ణమ్మగారు ఏరిన కందిపప్పు గుర్తుకొచ్చి సిగ్గేసింది. పుస్తకం మూసి సంచి అడుగున పెట్టాను.

అద్దం కింద కార్డు

హెడ్డుగారు నా కార్డుని బల్ల మీద అద్దం కింద పెట్టుకున్నారు. ప్రిన్సిపాలుగారికి చదివి వినిపించారట కూడా. పుస్తకం ఇచ్చాను. రెండు పట్టికలూ రెండేసిసార్లు చూశారు.

"మొదటిది నీ చేతిరాతే."

"అవునండి. రెండోది కూడా నా చేతిరాతేనండి."

"అయితే మొదటిది అబద్ధమా?"

"కాదండి. అన్నపూర్ణమ్మగారికి ఎలాంటి కప్పలు ముచ్చటగా కనిపిస్తాయో, దానికది నిజమైన లెక్కేనండి."

ఆయన నవ్వలేదు. ఎంతో కాలంగా పెంచుకున్న ఊహ అది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "కుండలట, వెనక్కి తిరగడమట. దసరాకి నేనే వెళ్ళి చూస్తాను" అన్నారు. నా కాగితం సొరుగులో వేసి తాళం పెట్టారు.

ఆ దసరా సెలవులు నాకు ఎలా గడిచాయో చెప్పను. ఇంటివాళ్ళు అద్దె అడగడానికి వస్తే తలుపు వెనక నిలబడ్డాను. పండగ వెళ్ళిన నాలుగో రోజున కార్డు వచ్చింది. హెడ్డుగారి దస్తూరీ. మా చెల్లెలు అందుకుని, ఎవరో కప్పల గురించి రాశారన్నయ్యా అంటూ ఇచ్చింది. దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ దింపుతున్నాను.

"ఆశీస్సులు. అన్నపూర్ణమ్మగారి భోజనం గురించి నువ్వు నాకు సరిగ్గా చెప్పలేదు. ముందే చెప్పి ఉంటే ఒక రోజు ఉపవాసం ఉండి వచ్చేవాణ్ణి. కొత్త అతిథి అని మళ్ళీ ఏరారు. మొదటి గంపలో నూటికి నూరూ గీత కప్పలే. ఆవిడకు నీ సంగతంతా గుర్తుందిట, కాని పెద్దవారు కదా, మీకు ఉత్త కప్పలు ఎలా ఇస్తామండీ అన్నారు. నాకు ముందే తెలియకపోతే నేను కూడా పోస్టు డబ్బా దాకా నడిచి వెళ్ళి కార్డు వేసేవాణ్ణి. గీత ఎందుకుందో మనకింకా తెలియదు. కలిసి చూద్దాం. నీ కాగితం సంచిలో పెట్టుకొచ్చాను. సంతకం చేసి ఇక్కణ్ణించే ప్రిన్సిపాలుగారికి పంపాను. ఇవాళ రేపల్లె అవతల ఉన్నాను. పొద్దున్న నేను కూడా బురదలో పడ్డాను. పోతురాజుకి జ్వరమని నన్ను కాలవ వైపు తిరిగి నిలబడమన్నారు, నిలబడ్డాను. నాంచారమ్మ కుండ మీద చెయ్యి పెట్టి ఎవరిదని అడిగింది. నీ పేరు చెప్పాను."